నూకరాజు కాపాడిన వంగనారు

ఇసకపర్రులో ఎవరింట్లో ఏది తక్కువైనా నూకరాజు ఇంట్లో తెలివికి మాత్రం లోటు లేదని ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఊరికి కాదు లెండి. నూకరాజుకీ, అతని పెళ్ళాం లోవమ్మకీ, తమ్ముడు గవర్రాజుకీ ఉండేది. ఇంట్లో ఉన్న ముగ్గురూ నమ్మాక ఇక ఊరితో పనేముంది? వానొస్తే ఆ ఇంట్లో గొడుగుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, తడిస్తే పాడైపోతుందని. కొత్త చీపురు కొంటే ముందు ఇల్లంతా చేత్తో ఊడ్చి, శుభ్రమయ్యాకే దాన్ని గదిలోకి తెస్తారు, మాసిపోతుందని. ఇంత ముందుచూపు ఇంకెవరికుందో చూపించమని నూకరాజు ఊళ్ళో వాళ్ళని అడిగేవాడు. ఎవరూ చూపించలేకపోయేవారు.

పెద్ద సంగతేదైనా వచ్చిందంటే ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చుని తలలకి తుండుగుడ్డలు బిగించి కట్టుకుంటారు. పుట్టిన ఆలోచన చెవుల్లోంచి జారిపోతే మళ్ళీ దొరకదని నూకరాజు భయం. గుడ్డ విప్పేలోగా మాట తేలాలి. తేలిందా, బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినరు.

ఇంత తెలివైన నూకరాజుకీ ఒక దిగులుంది. ఆ దిగులు పేరు అప్పాయమ్మ. లోవమ్మని కన్న తల్లి, కాలవ అవతల ఊరావిడ. ఊళ్ళో అందరి అల్లుళ్ళనీ ఆవిడ నోరారా మెచ్చుకునేది. ఒకరి అల్లుడు పనిమంతుడనేది, ఇంకొకరి అల్లుడు మాటకారి అనేది. నూకరాజు దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆలోచించి, "మా అల్లుడుగారికి ఆకలి మాత్రం బాగా వేస్తుంది" అని ఊరుకునేది. ఆవిడ నోట ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి, బుద్ధిమంతుడన్న మాట వినాలని నూకరాజు కోరిక.

ఆ ఏడు వరదకి అప్పాయమ్మ ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయి. చూరుకి కట్టిన విత్తనాల మూటలన్నీ నానిపోయాయి. అందులో ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చారల వంగ విత్తనం కూడా ఉంది. ఆ వంకాయ సంగతి తిన్నవాళ్ళని అడగాలి. నూనెలో పడేసరికి వెన్నలా కరిగిపోయేది, ఒక్క గింజ పంటికి తగిలేది కాదు. ఇప్పుడు ఆవిడ కొంగు ముడిలో చిటికెడు విత్తనం మిగిలింది. దొడ్డంతా ఇంకా బురద. అందుకని పడవెక్కి కూతురింటికి వచ్చింది.

"అల్లుడుగారూ, ఇది పోతే ఈ వంకాయ ఇక లేనట్టే. నారు పోసి, కన్నబిడ్డల్లా సాకండి. ఎలుకలు మాత్రం జాగ్రత్త, లేత మొలక కనబడితే వదలవు. మా దొడ్డి ఆరాక వస్తాను. సగం నారు నాకిచ్చి సగం మీరు నాటుకోండి" అని ముడి విప్పి అతని చేతిలో పోసింది.

నూకరాజు గుండె నిండిపోయింది. ఇంత కాలానికి అత్తగారు ఒక పని నమ్మి అప్పజెప్పింది. దొడ్లో మడి కట్టి విత్తనం చల్లాడు. తడి గోనెపట్టా కప్పాడు. ఇక్కడిదాకా అంతా సక్రమంగానే జరిగింది, ఎందుకంటే ఇక్కడిదాకా ఆలోచించాల్సిన పనేమీ రాలేదు. ఒకనాటి పొద్దున్న పట్టా తీసి చూస్తే మడంతా పచ్చగా, తివాచీ పరిచినట్టు మొలకలు. ఇంకేముంది, ముగ్గురూ తుండుగుడ్డలు బిగించి అరుగెక్కారు.

కన్నబిడ్డల్లా సాకమంది కదా, కన్నబిడ్డలకి ముందేం చేస్తారని నూకరాజు అడిగాడు. నలుగు పెట్టి నీళ్ళు పోస్తారని లోవమ్మ చెప్పింది. ఆవిడకి పిల్లల్లేరు గానీ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ స్నానానికీ వెళ్ళి చూసొస్తుంది. అంతే. పెసలు విసిరి సున్నిపిండి చేసింది. కాళ్ళు చాపుకుని మడి పక్కన కూర్చుని ఒక్కొక్క మొలకకీ వేలి కొసతో నలుగు పెట్టింది. నూకరాజు మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసి మరీ పోశాడు. గవర్రాజు సాంబ్రాణి వేశాడు. తర్వాత ఒక్కొక్క ఆకు మీదా కాటుకతో దిష్టిచుక్క పెట్టారు. మూడు పూటలా పాలు పోశారు, అందులో కాస్త పంచదార కూడా. పాలు లేకుండా ఏ బిడ్డ పెరిగిందని లోవమ్మ వాదన.

మొలకల పేరు చెప్పి సున్నిపిండీ పాలూ పంచదారా మట్టిలో పడ్డాయి. పాలకి చీమలొచ్చాయి. పంచదారకి గండుచీమలొచ్చాయి. సున్నిపిండి వాసన గట్టుకింద బొరియల్లోకి పోయింది. ఎలుకలు బంధువుల్ని కూడా పిలుచుకుని వచ్చాయి. పిండి తిన్నాయి, నోరు తీపెక్కిందేమో మొలకల్నీ కొరికాయి. తెల్లారి చూస్తే మడికి తూర్పు పక్కంతా బోడిగుండు.

నూకరాజు పక్క దొడ్డి సింహాద్రి దగ్గరికి పరిగెత్తాడు. సింహాద్రి నలభై ఏళ్ళుగా కూరపాదులు పెంచుతున్న మనిషి. చెప్పింది రెండు ముక్కలే. ఆ పాలూ నలుగూ మానెయ్యమన్నాడు. పిల్లి ఉన్న చోట ఎలుక ఉండదు, మా పిల్లిని పట్టుకెళ్ళమన్నాడు.

పిల్లిని తెచ్చారు. బాగా బలిసిన గండుపిల్లి. మడి తూర్పు గట్టున కూర్చోబెట్టారు. అది ఒళ్ళు నాక్కుంటూ కూర్చుంది. నూకరాజు కళ్ళప్పగించి చూస్తుంటే, పడమటి కొసన ఒక ఎలుక తాపీగా వచ్చి మొలక కొరుక్కుని పోయింది.

"చూశావా అన్నయ్యా, సింహాద్రి అబద్ధం చెప్పలేదు. పిల్లి ఉన్న చోట ఎలుక లేదు. పిల్లి లేని చోటే ఉంది" అన్నాడు గవర్రాజు.

నిజమే కదా. మరి పిల్లి అన్ని చోట్లా ఉండాలంటే ఎలా? గుడ్డలు బిగించారు, తేలింది. గవర్రాజు పిల్లిని చంకనెత్తుకుని మడిలో తూర్పు నుంచి పడమరకీ, పడమర నుంచి తూర్పుకీ పరుగు లంకించుకున్నాడు. వాడివి ఏనుగు పాదాలు. పిల్లి గోళ్ళతో వాడి మొహమంతా గీరేసి, భుజం మీంచి దూకి, సింహాద్రి ఇల్లు కూడా దాటి పారిపోయింది. గవర్రాజు మాత్రం, పిల్లి పోయింది గానీ పరుగు ఆపమని ఎవరూ చెప్పలేదని పొద్దెక్కేదాకా పరిగెత్తాడు. పూర్తయ్యేసరికి మడి మధ్య భాగం కళ్ళంలా చదునైపోయింది. ఆ పూట ఒక్క ఎలుకా రాలేదు. ఇక అక్కడ వాటికి పనేముంది?

సింహాద్రి వచ్చి మిగిలిన మొలకల్ని లెక్కపెట్టి చూశాడు. తర్వాత, కనీసం మిగిలినదాని చుట్టూ అయినా ముళ్ళకంచె గట్టిగా వెయ్యండి, సందు లేకుండా అల్లండి అన్నాడు. గట్టిగా అన్నాడు కదా, వీళ్ళు అంత గట్టిగానూ వేశారు. తుమ్మకంపలు తెచ్చి, ముగ్గురూ మడిలో నిలబడి, చుట్టూరా నిలువెత్తు కంచె అల్లుకొచ్చారు. చివరి సందు కూడా మూసేశాక లోవమ్మకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. బయటికి పోదామంటే దారేదీ?

లోవమ్మకి కంగారు పుట్టింది గానీ నూకరాజు మొహం వెలిగిపోయింది. ఇంత పెద్దవాళ్ళం మనమే బయటికి పోలేకపోతే చిట్టెలుక లోపలికెలా వస్తుందని అడిగాడు. లోవమ్మ ఒప్పుకుంది. నిలబడి నిలబడి కాళ్ళు పీకి ముగ్గురూ కూర్చున్నారు. ఎక్కడ కూర్చుంటారు, నారు మీదే కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఎవరింట్లోనో పాలు మాడిన వాసన వస్తోందని చుట్టుపక్కల వాళ్ళు కేకలేస్తే సింహాద్రి వచ్చి, కంప లాగి, ఒక్కొక్కళ్ళనీ రెక్క పట్టుకుని బయటికి తీశాడు. కంప లాగిన సందులోంచి సింహాద్రి కళ్ళముందే ఒక ఎలుక లోపలికి పోయింది.

ఎలుకలు చాలవన్నట్టు, కంప మీద వాలడానికి పిచ్చికలొచ్చాయి, వాటి వెనక కాకులొచ్చాయి. సింహాద్రి ఓపికంతా కూడగట్టుకుని, దిష్టిబొమ్మ ఒకటి పెట్టండి అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. దిష్టిబొమ్మకి గడ్డి కావాలి. గడ్డి గేదెకి కావాలి. కాబట్టి గవర్రాజుని నిలబెట్టారు. మొహానికి సున్నం పూసి, బొగ్గుతో మీసాలు దిద్ది, చేతులు బార్లా చాపించి, నెత్తిన బోర్లా ఒక కుండ పెట్టారు. దిష్టిబొమ్మ కదలదు, మాట్లాడదు, అది గుర్తుంచుకో మరిదీ అని లోవమ్మ మరీ మరీ చెప్పింది. గవర్రాజు తలూపబోయి, తలూపకూడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

నూకరాజు ఆ రోజు నిశ్చింతగా చేనుకి పోయాడు. సాయంత్రం వచ్చి చూస్తే గవర్రాజు పొద్దున్న ఎలా నిలబడ్డాడో అలాగే ఉన్నాడు. కుండ మీద కాకి ఉంది. చాపిన చేతుల మీద పిచ్చికలున్నాయి. మడిలో ఒక మూల తప్ప నారు లేదు. చీకటి పడుతుంటే దిష్టిబొమ్మ పని అయిపోయిందని చెప్పాకే గవర్రాజు నోరు విప్పాడు.

"అంతా చూశానన్నయ్యా. నాలుగు ఎలుకలొచ్చాయి. కుడిపక్క నుంచి మొదలెట్టి ఆ మూల దాకా ఒక్కటీ వదలకుండా తిన్నాయి. ఒకటైతే నా పంచెలోంచి పైకెక్కి, భుజం మీద కూర్చుని మూతి కడుక్కుంది. నేను కదిలితే ఒట్టు" అన్నాడు.

తమ్ముడి నిజాయితీకి నూకరాజు పొంగిపోవలసిందే. కానీ ఆ రోజు పొంగలేదు. మడి గట్టున చతికిలబడి, మిగిలిన ఆ నాలుగు ఆకుల కేసి చూస్తే అతనికి ఏడుపొచ్చింది. నలుగు పెట్టి పెంచినవి. ఆకు మీద కాటుక ఇంకా చెరగలేదు. అత్తగారు వస్తే ఏం చూపించాలి? ఇక బుద్ధిమంతుడన్న మాట ఏనాటికీ రాదు. పైగా ఆ వంకాయే భూమ్మీద లేకుండా పోతుంది, తన చేతుల్లోనే పోతుంది. అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. నూకరాజుకి ముద్ద దిగలేదంటే ఎంత కష్టమో అప్పాయమ్మకి తెలిసి ఉంటే అప్పుడే మెచ్చుకునేది.

మొగుడి బాధ చూసి లోవమ్మే గుడ్డ బిగించింది. "ఏవండీ, కన్నబిడ్డల్ని ఎవరైనా దొడ్లో పడుకోబెడతారా? తప్పు మనదే" అంది.

ఎంత మాట. ముగ్గురూ నాలుక కరుచుకున్నారు. అంతే, ఆ రాత్రికి రాత్రే మొక్కలన్నీ పీకి, వేళ్ళకి మట్టి లేకుండా కడిగి, ఇరుగింటి నుంచి ఉయ్యాల అడిగి తెచ్చి అందులో పడుకోబెట్టారు. లోవమ్మ జోల పాడింది. పొద్దున్నే లేపి మళ్ళీ మడిలో నాటారు. సాయంత్రం మళ్ళీ పీకారు. ఇలా కొన్నాళ్ళు జరిగింది. ఎలుకలు వచ్చి ఖాళీ మడి చూసుకుని వెళ్ళిపోయేవి. నూకరాజుకి కాస్త ధైర్యం వచ్చింది. అయితే మొక్కలు మాత్రం రోజురోజుకీ తల వేలేస్తున్నాయి. నిద్ర చాలట్లేదేమోనని లోవమ్మకి అనుమానమొచ్చి మధ్యాహ్నం దాకా లేపడం మానేసింది. ఇంకాస్త వేలేశాయి.

అలా ఉండగా, దొడ్డి ఆరింది, రేపు మధ్యాహ్నం పడవకి వస్తున్నానని అప్పాయమ్మ కబురు పంపింది.

నూకరాజు ఉయ్యాలలోకి తొంగి చూశాడు. మిగిలింది పిడికెడు నారు. పోన్లే, పిడికెడైనా ఉంది. ఇది కూడా పోతే ఇంకేమీ లేదు. దాన్ని పట్టుకుని మళ్ళీ సింహాద్రి దగ్గరికే పోయాడు. సింహాద్రికి ఆ పిడికెడు నారు చూస్తే నిజంగా ఆశ పుట్టింది. వేరు ఇంకా పచ్చిగానే ఉంది, నీడన తడిమట్టిలో గుచ్చితే బతుకుతుంది. ఆ మాటే చెప్పబోయి, మట్టిలో గుచ్చమంటే వీళ్ళు ఏ బావిలోపలి మట్టిలో గుచ్చుతారో అని భయపడి, వీలైనంత తేలిగ్గా చెప్పాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఇంకేమీ చెయ్యకండి. రేపు మీ అత్తగారొచ్చేదాకా ఎలుక నోరు పెట్టలేని చోట దాన్ని ఉంచు. ఆవిడొచ్చాక ఆవిడే చూసుకుంటుంది" అన్నాడు.

తెల్లారిందో లేదో ముగ్గురూ గుడ్డలు బిగించారు. ఎలుక నోరు పెట్టలేని చోటంటే ఎక్కడ? ఉట్టి మీద పెడదామంటే తాడు మీంచి దిగొస్తుంది. ధాన్యపు గాదె అసలు వాటి పుట్టిల్లు. పెట్టెలో పెడదామంటే పోయినేడు పెట్టెకి కన్నం పెట్టి గొడుగు గుడ్డ తినేసింది. అటక మీద ఎలుకలకి మనకంటే పెద్ద సంసారం ఉంది. నూకరాజు గుడ్డని ఇంకా బిగించాడు, కళ్ళు బైర్లు కమ్మేదాకా బిగించాడు. ఏమీ తేలలేదు. వంటింట్లో ఆనపకాయ పులుసు కుతకుతా ఉడుకుతోంది. గవర్రాజు ఆ చప్పుడు వింటూ వింటూ ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా, మనింట్లో ఎలుక అన్ని కుండల్లోనూ దూరింది. ఉడుకుతున్న కుండలో ఎప్పుడైనా దూరిందా?" అన్నాడు.

నూకరాజు చిన్నప్పటి దాకా వెనక్కి వెళ్ళి తన బతుకంతా గుర్తు చేసుకున్నాడు. దూరలేదు. ఒక్కసారీ దూరలేదు. వాళ్ళ నాన్న హయాంలో కూడా దూరలేదు. తమ్ముణ్ణి కావలించుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకేముంది, పిడికెడు నారునీ తీసుకెళ్ళి జాగ్రత్తగా, ఒక్క ఆకు కూడా కింద పడకుండా, మరుగుతున్న పులుసులో దించారు. లోవమ్మ అలవాటు చొప్పున కాస్త ఉప్పు వేసి మూత పెట్టింది. అప్పాయమ్మ వచ్చేదాకా మంట తగ్గకూడదని ముగ్గురూ వంతులవారీగా పొయ్యి ఊదారు.

మధ్యాహ్నం పడవ దిగి అప్పాయమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కోకుండానే నారేదని అడిగింది. సింహాద్రి కూడా ఆ మాట వినబడి రెండు దొడ్ల మధ్య కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నూకరాజు నలుగు దగ్గర్నుంచి మొదలెట్టి అంతా చెప్పాడు, పిల్లినీ కంచెనీ దిష్టిబొమ్మనీ ఉయ్యాలనీ ఏదీ దాచలేదు. చివరికి ఎక్కడ దాచాడో చెప్పాడు. అప్పాయమ్మ వంటింట్లోకి నడిచింది. పొయ్యి ముందు కూర్చుని మూత తీసింది. నల్లగా, మెత్తగా, ఏది ఆకో ఏది ఆనపకాయో తెలియకుండా ఉంది. ఆవిడ అలా చూస్తూనే ఉంది. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు పొయ్యి దగ్గరున్న గరిటె అల్లుడి నెత్తిన పడుతుందని, కంచె మీంచి చూస్తున్న సింహాద్రి కూడా కళ్ళు మూసుకున్నాడు.

అప్పాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎలుక కొరికిన గాటు ఒక్కటి లేదు. అల్లుడుగారూ, నేనే మిమ్మల్ని తెలుసుకోలేకపోయాను. మీ అంత బుద్ధిమంతుడు మా ఊళ్ళో అల్లుళ్ళలో లేడు" అంది.

నూకరాజుకి ఆ మాట చెవిన పడ్డాక కాసేపు ఏమీ వినబడలేదు. గుడ్డ కట్టుకోలేదు కాబట్టి ఆ మాట ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతుల్తో చెవులు మూసుకుని నిలబడ్డాడు. అప్పాయమ్మ అవతల వాటాలు పంచడం మొదలెట్టింది. మనిషి న్యాయమైంది, తనకో గరిటె, కూతురికో గరిటె, ఎక్కడా చుక్క తేడా రానివ్వలేదు. ఆనపకాయ ముక్కలు కూడా సమంగా పంచింది. తన వాటా సత్తుగిన్నెలో పోసుకుని, గుడ్డ కట్టి, నారు వాడకముందే నాటుకోవాలని ఆ పడవకే తిరిగి వెళ్ళిపోయింది. సింహాద్రి కంచె పట్టుకుని కూర్చున్నవాడు సాయంత్రం దాకా లేవలేదు.

ఇంటికి పోగానే అప్పాయమ్మ దొడ్లో బోదెలు తీసి, జానెడు దూరానికో గరిటె చొప్పున పులుసు నాటింది, చుట్టూ మట్టి ఎగదోసి నీళ్ళు పెట్టింది. మర్నాడే పడవ మీద కబురు పంపించింది. నారు బాగా నాటుకుందట, అప్పుడే మట్టిలోకి ఇంకిపోయిందట. ఉప్పూ పులుపూ వేళ్ళలోకి దిగాయి కాబట్టి ఈసారి చెట్టు మీదే పులుసు వంకాయలు కాస్తాయి, కాపుకొచ్చాక గిన్నెలు పట్టుకుని రమ్మంది.

ఇసకపర్రులో నూకరాజు వాళ్ళు కూడా తమ వాటా నాటేశారు. తర్వాత ముగ్గురూ అరుగెక్కి, గుడ్డలు బిగించి బాగా ఆలోచించారు. చెట్టున ఉత్త పులుసు కాస్తే అది దేంట్లో కలుపుకుంటారు? అందుకని పక్కనే ఇంకో రెండు వరసలు వేడివేడి అన్నం కూడా నాటి, కంచాలు కడుక్కుని గట్టున కూర్చున్నారు.